కారు ముందు అద్దానికి వానపూత: మూడు వానాకాలాలు వాడాక

రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి వస్తాను. కాజ టోల్‌గేటు దగ్గర జోరువాన పట్టుకుందంటే ముందున్న లారీ లైట్లు కూడా ఆనవు. ఆ టెన్షన్ పడలేకే మూడేళ్ల కిందట అద్దం మీద నీరు నిలవకుండా చేసే పూత వేయించాను. ఇప్పటికి రెండు రకాలు వాడాను. నీటిబొట్లు గుండ్రంగా నిలబడటం చూసి అందరం మురిసిపోతాం కానీ, అసలు చూడాల్సింది వైపర్ ఎంత సాఫీగా జారుతోందన్నది.

మొదటిది ఫ్లోరిన్ రకం. ఆటోనగర్‌లో ఒక షాపులో వేశారు, రెండు నెలలకే పోయింది. తప్పు మందుది కాదు, అద్దం సరిగ్గా తోమకపోవడం. ఈ పూతలో ప్రతి అణువుకీ ఒక తల, ఒక తోక. సిలికాన్ పరమాణువున్న తల, గాజు మీది హైడ్రాక్సిల్ గుంపులతో (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలతో) బంధం కట్టుకుంటుంది. నీటిని తోసేసే తోక పైకి లేచి ఉంటుంది. నారుమడిలో మొలకల్లా పక్కపక్కన వాటంతట అవే సర్దుకుని ఒకే ఒక్క అణువు మందాన పొర కడతాయి. 18 కార్బన్ల తోకైతే ఆ మందం దాదాపు 2.5 నానోమీటర్లు. గాజుకి లారీ పొగ జిడ్డు పట్టి ఉంటే ఇక తల అంటుకోవడానికి చోటెక్కడ?

రెండోసారి అదే ఫ్లోరిన్ రకం నేనే వేశాను. సబ్బుతో కడిగి, గాజు పాలిష్‌తో రుద్ది, స్పిరిట్‌తో తుడిచాను. చెంబుడు నీళ్లు పోస్తే ఎక్కడా చీలకుండా పల్చటి పొరలా పరుచుకోవాలి, అప్పుడే అద్దం శుభ్రమైనట్టు. పూత పూసి, రాత్రంతా తడి తగలకుండా షెడ్డులో ఉంచాను. తర్వాతి వానకి బొట్లు అద్దం మీద పైకి పాకుతూ పోతుంటే ఎంత హాయిగా అనిపించిందో!

కానీ చినుకులు పడేటప్పుడు వైపర్ గర్‌ర్‌ర్ అంటూ ఎగిరెగిరి పడేది. మెకానిక్ చూసి, "రబ్బరు గట్టిపడిపోయింది మేడమ్, మార్చేద్దాం" అన్నాడు. మార్చినా అదే గోల. ప్రధాన కారణం తెలిసిందే: నీరు బొట్లుగా విడిపోతే రబ్బరు కింద తడిపొర ఉండదు, అది దాదాపు పొడి అద్దం మీదే రాసుకుంటుంది.

అణువు ఆకారం సంగతి కూడా ఉంది. ఇది నాకెంతో ఇష్టమైన పాఠం. కొవ్వు ఆమ్లాల్లాంటి వాటిలో కార్బన్ గొలుసు పొడుగయ్యేకొద్దీ రాపిడి తగ్గుతుందని విలియం హార్డీ, ఐడా డబుల్‌డే అనే శాస్త్రవేత్తలు 1922లోనే చూపించారు. పొడుగు గొలుసులు ఒకదాన్నొకటి ఆనుకుని బిగువుగా నిలబడతాయి. పొట్టివి అడ్డదిడ్డంగా పడి ఉంటాయి, పైనుంచి ఏదైనా జారితే వంగి మెలితిరిగి శక్తిని మింగేస్తాయి. 1990ల్లో సూక్ష్మమైన సూదిమొనతో బంగారం మీది పొరలని కొలిచినప్పుడు ఇంకో వింత బయటపడింది. తోక చివర మూడు హైడ్రోజన్ల బదులు మూడు ఫ్లోరిన్‌లు పెడితే రాపిడి సుమారు మూడు రెట్లయింది. ఫ్లోరిన్ గుంపు లావుది. అదే ఇరుకు చోటులో చివరలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ లెక్కని నా వైపర్ రబ్బరుకి అంటగట్టను, అక్కడి కొలతలు వేరు. అయితే నీటిని తోసేసే గుణం, జారనిచ్చే గుణం ఒకటి కాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఈ ఏడాది సిలికోన్ రకం, అంటే సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తర్వాత ఒకటి చేరిన గొలుసులున్నది, వాడుతున్నాను. బొట్టు అంత గుండ్రంగా ఉండదు కానీ కొద్ది వాలుకే జారిపోతుంది. ఆ గొలుసులు బాగా మెతక, ఎప్పుడూ ద్రవంలా కదులుతూనే ఉంటాయి, అందుకే బొట్టు ఎక్కడా అతుక్కోదు. గ్రాఫైట్ పూసిన బ్లేడు కూడా వేశాక వైపర్ చప్పుడు దాదాపు పోయింది. మూడు నెలలకోసారి మళ్లీ పూయాలి, అదొక్కటే చాకిరీ. వారధి మీద రాత్రి వానలో ఎదుటి లైట్లు చెదరకుండా కనిపిస్తుంటే ఆ చాకిరీ నాకు బరువనిపించదు.

నేను వేసిన ఫ్లోరిన్ పూత వైపర్ తిరిగే మేర ఎనిమిది నెలల్లో అరిగిపోయింది. సిలికోన్ వేసేముందు పాత పూతని పాలిష్‌తో తీసేసినా, వైపర్ అందని పై మూలని మాత్రం ముట్టుకోకుండా వదిలేశాను. రెండేళ్లయినా అక్కడ నీరు ఇంకా ముత్యాల్లాగే నిలబడుతోంది. వాన పడ్డ రోజు పిల్లల్ని కారు దగ్గరికి పిలిచి ఆ మూల చూపిస్తుంటాను.