వాము ఆకా, తులసా: నల్గొండ ఎండకు ఏది?

కుండీ ఒక్కటే ఉంటే నేను వాము ఆకే పెడతాను. రెండూ పుదీనా కుటుంబానివే. కానీ నల్గొండ మే ఎండలో కుండీలోని తులసికి ఒక్కరోజు నీళ్లు మరిచిపోతే తల వాల్చేస్తుంది. వాము ఆకు దళసరి, నీటిని దాచుకుంటుంది. రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది. మధ్యాహ్నం కాస్త నీడ చాలు. నీళ్లు ఎక్కువైతేనే వేరు కుళ్లుతుంది. పక్కింటి నుంచి జానెడు కొమ్మ తెచ్చి గుచ్చితే నాటుకుంటుంది. ఇక వానాకాలం సాయంత్రం ఆ ఆకుల్ని శనగపిండిలో ముంచి వేసే బజ్జీలు! (డబ్బాలోని వాము వేరే మొక్క, కొత్తిమీర కుటుంబానిది, వాసనే కలుస్తుంది.)

తులసికి పూల వెన్నులు తుంచుతూ ఉండాలి, లేకపోతే త్వరగా ముదురుతుంది. అయినా పొద్దున్నే దీపం పెట్టే ఇంటికి తులసే కావాలి, దాని చోటు వాము ఆకుకు రాదు.