చలికాలపు టైరు ఎందుకు వద్దు, వానకు ఏది కావాలి

మ్యూనిక్‌లో ఉండే మా బావగారు చలికాలపు టైర్ల పరీక్షా ఫలితాల పట్టిక పంపి, "ఇది చూశాకే కొను" అన్నారు. చూశాను. మంచు మీద బ్రేకు, మంచు మీద మలుపు... చెన్నై వేళచ్చేరిలో వీటితో నాకేం పని! చలికాలపు రబ్బరును 7 డిగ్రీల కన్నా తక్కువలోనూ గట్టిపడకుండా తయారుచేస్తారు. మన మే ఎండకు అది మరీ మెత్తబడి త్వరగా అరుగుతుంది, బ్రేకు వేస్తే కారు ఆగే దూరమూ పెరుగుతుంది. ఆ పట్టికలో నాకు పనికొచ్చింది తడి రోడ్డు వరుస ఒక్కటే.

అందుకే దుకాణంలో రెండు మామూలు టైర్లను పక్కపక్కన పెట్టించాను. ఒకదాని అంచు మీద అరుగుదల అంకె 500, రెండోదాని మీద 300. పెద్ద అంకెది ఎక్కువకాలం మన్నుతుంది, ధరా తక్కువే. చిన్న అంకెదానికి మాత్రం నాలుగు వెడల్పాటి గాడులు, నా చిటికెనవేలు పట్టేంత. ఐరోపా లేబుల్‌పై తడి రోడ్డు మీద పట్టుకు దానికి ఎ, అంటే అన్నిటికన్నా మెరుగైన శ్రేణి; మన్నికైనదానికి సి. రోడ్డు మీద నీటిని పక్కకు తోసేది ఆ గాడులే. అరిగి వాటి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే.

నవంబరు వానల్లో కారు నడిపేవాణ్ణి కనుక 300దే తీసుకున్నాను. అంచు మీద తయారీ తేదీ, అంటే వారం, ఏడాది చెప్పే నాలుగు అంకెలు, చూడకుండా మాత్రం డబ్బివ్వలేదు.