సెకండ్‌హ్యాండ్ పైపర్ మెరిడియన్: కొన్ని ఏళ్లు నడిపిన తర్వాత

వాడిన టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిప్పే విమానం) కొనాలనుకునే వాళ్లు మొదట అడిగేది ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందనే. ఆ అంకె ముఖ్యమే, కానీ దాన్ని మాత్రమే చూసి కొనడం సరికాదు. ఆ గంటలు ఎన్నేళ్లలో తిరిగాయి, మధ్యలో విమానం ఎక్కడ నిలబడి ఉంది, ఎవరు చూసుకున్నారు అన్నవి దానికంటే పెద్ద ప్రశ్నలు. పైపర్ మెరిడియన్ ఒక్క ఇంజిన్, ఆరు సీట్లున్న అలాంటి విమానమే. నేను చూసిన వాటిలో రెండు మెరిడియన్లు చివరిదాకా నిలిచాయి. ఒకటి చాలా తక్కువ గంటలు తిరిగింది, కానీ ఏళ్ల తరబడి సముద్రం దగ్గర్లో ఊరికే నిలబడి ఉంది. రెండోది దాదాపు ప్రతి వారం ఎగిరింది, గంటలు బాగా ఎక్కువ. నేను రెండోదే తీసుకున్నాను. ఇన్నేళ్లు నడిపాక కూడా అదే మాట మీద ఉన్నాను.

కారణం ఇంజిన్ తీరులోనే ఉంది. మెరిడియన్‌లో ఉండేది ప్రాట్ అండ్ విట్నీ పీటీ6ఏ-42ఏ. ఈ పీటీ6 కుటుంబం మొదటిసారి తిరిగింది 1960లో. అప్పటి నుంచి దాని గుట్టుమట్లన్నీ మెకానిక్కులకు తెలుసు. ఓవర్‌హాల్ (ఇంజిన్ పూర్తిగా విప్పి బాగుచేయడం) గడువు 3,600 గంటలు, మధ్యలో 1,800 దగ్గర హాట్ సెక్షన్ (ఇంధనం మండి టర్బైన్ తిరిగే వేడి భాగం) తనిఖీ. క్రమంగా తిరుగుతూ, సమయానికి కంప్రెసర్ వాష్ (గాలిని నొక్కే భాగాన్ని కడగడం) జరుగుతూ ఉంటే ఈ ఇంజిన్ సాధారణంగా ఇబ్బంది పెట్టదు. ఉప్పు గాలిలో కదలకుండా ఉంటేనే బ్లేడ్ల మీద తుప్పు పడుతుంది, సీళ్లు ఎండిపోతాయి. ఆ నష్టం గంటల మీటరులో కనిపించదు.

అందుకే కొనేముందు తనిఖీలో డబ్బు మిగుల్చుకోకండి. తనిఖీ చేసే మెకానిక్ మీరు పెట్టుకున్న మనిషి అయి ఉండాలి, అమ్మేవాళ్ల విమానాన్ని ఇన్నాళ్లూ చూసుకున్న షాపు కాకూడదు. ఫ్యూయల్ నాజిల్స్ విప్పి, ఆ రంధ్రాల గుండా బోరోస్కోప్‌తో (సన్నటి గొట్టం కెమెరా) హాట్ సెక్షన్ లోపల చూపించమనండి. లాగ్‌బుక్‌లో గంటలతో పాటు ఎన్నిసార్లు స్టార్ట్ చేశారో కూడా లెక్కపెట్టండి, ఎందుకంటే లోపలి డిస్కుల ఆయుష్షును సైకిళ్లలో, అంటే ఎన్నిసార్లు స్టార్ట్ చేసి నడిపి ఆపారన్న లెక్కలో కొలుస్తారు. ట్రెండ్ రికార్డులు (ఇంజిన్ రీడింగులు కాలక్రమంలో ఎలా మారాయో రాసినవి) ఉంటే తప్పకుండా అడిగి తీసుకోండి. అదే ఎత్తు, అదే ఉష్ణోగ్రత, అదే టార్క్ (ఇంజిన్ ఇచ్చే తిప్పుడు బలం) దగ్గర ఐటీటీ (టర్బైన్ల మధ్య ఉష్ణోగ్రత) క్రమంగా పెరుగుతూ వస్తోందంటే లోపల ఏదో అరుగుతోందనో, కంప్రెసర్‌కు మురికి పట్టిందనో అర్థం. ప్రొపెల్లర్‌కు గంటలతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది, అది దగ్గరపడి ఉంటే ఆ ఖర్చు బేరంలోకి రావాలి. లాగ్‌బుక్‌లో కొన్ని ఏళ్ల పేజీలు లేవంటే, ధర ఎంత తగ్గించినా నేనైతే వెనక్కి వచ్చేస్తాను.

ఇక నడపడం గురించి. పిస్టన్ విమానం నుంచి వచ్చినవాళ్లకు మొదట అలవాటు కావాల్సింది స్టార్టింగే. ముందు బ్యాటరీ వోల్టేజ్ చూడాలి. స్టార్టర్ నొక్కాక గ్యాస్ జనరేటర్ (ఇంజిన్‌లో ముందుగా తిరిగే భాగం) వేగం 12–13 శాతం దాటి నిలకడగా ఉంటేనే ఇంధనం వదలాలి. ఆ తర్వాత కొన్ని సెకన్ల పాటు కళ్లు ఐటీటీ మీద నుంచి కదలకూడదు. బ్యాటరీ నీరసంగా ఉంటే గాలి చాలక హాట్ స్టార్ట్ (ఉష్ణోగ్రత హద్దు దాటిపోయే స్టార్ట్) అయ్యే ప్రమాదం ఉంది. అలాంటి ఒక్క స్టార్ట్ చాలు, హాట్ సెక్షన్ మొత్తం మార్చాల్సి రావచ్చు. అందుకే అనుమానం వస్తే గ్రౌండ్ పవర్ (బయటి నుంచి కరెంటు ఇచ్చే యంత్రం) తెప్పించుకుంటాను, ఎంత ఆలస్యమైనా సరే. ఆయిల్ కూడా ఇంజిన్ ఆపిన కాసేపటికే, వేడిగా ఉన్నప్పుడే చూడాలి. మర్నాడు పొద్దున చూస్తే నిజం కంటే తక్కువ చూపిస్తుంది, అది చూసి అనవసరంగా ఆయిల్ పోసేస్తారు.

ఒకసారి తిరగడం మొదలుపెట్టాక ఆ నునుపు, ఆ నిబ్బరం నాకు ఇప్పటికీ ఇష్టం. అసలు ఎక్కువ శక్తి ఇవ్వగల ఇంజిన్‌ను ఇందులో 500 హార్స్‌పవర్‌కు పరిమితం చేశారు. అందువల్ల పైకి వెళ్తున్నా శక్తి చాలాసేపు తగ్గదు. 27,000 అడుగుల్లో సుమారు 250 నాట్లు, గంటకు 40 గ్యాలన్లకు కాస్త అటూ ఇటూ. 25,000 అడుగుల దగ్గర కూడా క్యాబిన్ ఎత్తు (లోపలి గాలి పీడనం ఏ ఎత్తుకు సమానమో ఆ లెక్క) 8,000 అడుగుల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి ప్రయాణికులు అలసిపోరు. అదే కిందనే ఎగరమంటే వేగం తగ్గుతుంది, ఇంధనం మాత్రం ఇంకా ఎక్కువ తాగుతుంది. దగ్గరి దూరాలకే కావాలనుకుంటే ఈ విమానం దండగ.

లోపాల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది బరువు. ఆరు సీట్లు ఉన్నాయని ఆరుగురు ఎక్కుతారనుకోకండి. 170 గ్యాలన్లూ నింపితే మిగిలేది పైలట్‌తో కలిపి పెద్దవాళ్లు ముగ్గురికి, కొంచెం సామానుకు సరిపడే బరువు. మరో మనిషి వస్తున్నాడంటే ఇంధనం తగ్గించాలి, అంటే మధ్యలో ఎక్కడో దిగాలి. మొదట్లో వచ్చిన విమానాలకు గరిష్ఠ టేకాఫ్ బరువు 4,850 పౌండ్లే, తర్వాత దాన్ని 5,092కు పెంచారు. మీరు చూస్తున్నది ఏదో పేపర్లలో తేల్చుకోండి. ఖాళీ విమానం బరువు కూడా బ్రోషర్‌లోది కాదు, ఆ విమానాన్ని తూచిన కాగితం కావాలి.

రెండో లోపం దిగడం. సూచిక వేగం (కాక్‌పిట్ మీటరు చూపే వేగం) 188 నాట్లు దాటకూడదు. ఎత్తు మీద ఉన్నప్పుడు ఆ హద్దు తెలియదు గానీ, కిందికి వస్తూ కుదుపులున్న గాలిలో ఇంకా తగ్గించాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. నేను దిగడం చాలా ముందే మొదలుపెడతాను. కంట్రోలర్ ఆలస్యంగా దించితే మాత్రం పవర్ తగ్గించగానే ప్రొపెల్లరే బ్రేక్ వేసినట్టు పట్టేస్తుంది, ఆ సౌకర్యం ఉంది.

మెయింటెనెన్స్‌లో ఇంజిన్ కంటే మిగతావే నన్ను ఎక్కువ విసిగించాయి. తలుపు సీలు లీకవడం, రెక్కల మీది డీ-ఐసింగ్ బూట్లకు (మంచు విరగ్గొట్టే రబ్బరు తొడుగులు) చిల్లులు, ల్యాండింగ్ గేర్ హైడ్రాలిక్స్. ఒకసారి చిన్న భాగం కోసం ఒక షాపులో విమానం వారాల తరబడి ఆగిపోయింది, ఫోన్ చేస్తే సరైన జవాబు కూడా చెప్పలేదు. ఏడాది ఖర్చు లెక్క వేసేటప్పుడు ఇంజిన్ ఓవర్‌హాల్‌కు గంటకు ఇంత అని పక్కన పెట్టుకుంటూనే, వీటికీ విడిగా గట్టి మొత్తం ఉంచుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లు ఏటా సిమ్యులేటర్ ట్రైనింగ్ అడగడం మామూలే. వాళ్లు అడగకపోయినా వెళ్లాలి. ఒక్క ఇంజిన్‌తో అంత ఎత్తులో ఎగిరేవాడికి ప్రెజర్ పోయినప్పుడు, ఇంజిన్ ఆగినప్పుడు చేతులు వాటంతటవే కదలాలి.

డిస్‌ప్లేల విషయానికొస్తే, తొలి ఏళ్ల విమానాల్లోని పాత స్క్రీన్లకు రిపేరు కష్టం. 2009 నుంచి గార్మిన్ జీ1000 స్క్రీన్లతో వచ్చినవి దొరికితే అదనంగా డబ్బు పెట్టడం న్యాయమే.

నలుగురు పెద్దవాళ్లతో తరచూ దూరం వెళ్లేవాళ్లు మెరిడియన్ దగ్గర ఆగకుండా టీబీఎం అనే మరో ఒంటి ఇంజిన్ టర్బోప్రాప్ చూడాలి. టీబీఎం 700లో 700 హార్స్‌పవర్, వేగం కూడా ఎక్కువ. సామానే ప్రధానమైతే పెద్ద కార్గో తలుపున్న పిలాటస్ పీసీ-12 వేరే స్థాయి విమానం. కాకపోతే దాని రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 16 మీటర్లు దాటుతాయి, మెరిడియన్‌వి 13. అడ్వాన్స్ ఇచ్చేముందు టేపు పట్టుకుని హ్యాంగర్ తలుపు కొలుచుకోండి.