టర్బో సీ గ్రాఫిక్స్ నుంచి రేలిబ్ దాకా, ఇన్నేళ్ళు వాడాక నా మాట

గ్రాఫిక్స్ డాట్ హెచ్, అంటే సీ ప్రోగ్రాముల్లో బొమ్మలు గీయడానికి టర్బో సీతో వచ్చే లైబ్రరీ, నాకు 2009లో పరిచయం, ఇంజనీరింగ్ సెకండియర్, ల్యాబ్‌లో ఎక్స్‌పీ మెషీన్లు, నీలం స్క్రీన్ టర్బో సీ, డాస్ కాలం నాటి సీ కంపైలర్. అప్పట్నుంచి ఏదో ఒక వంకన వాడుతూనే ఉన్నా, ఈమధ్య మా అక్క కొడుక్కి నేర్పిద్దామని మళ్ళీ మొదట్నుంచి తిరగేశా కాబట్టి ఒక రివ్యూ రాస్తున్నా. ముందే చెప్పేస్తా, మొదటి నెలకి దీన్ని మించింది లేదు, రెండో నెల నుంచి మాత్రం మనం బొమ్మ గీయడం మానేసి దీంతో కుస్తీ పడుతుంటాం.

ఫస్ట్ రోజే ఏడిపించింది. గ్రాఫిక్స్ మొదలుపెట్టే ఫంక్షన్ ఇనిట్‌గ్రాఫ్‌కి మూడు ఇవ్వాలి, డ్రైవర్, మోడ్, బీజీఐ ఫైళ్ళు (టర్బో సీ గ్రాఫిక్స్ డ్రైవర్లు) ఉన్న ఫోల్డర్ పాత్. నేను పాత్‌ని చిన్న అక్షరాల్లో సీ కోలన్ స్లాష్ టీసీ స్లాష్ బీజీఐ అని ఒక్కొక్క బ్యాక్‌స్లాషే పెట్టి కొట్టా. రన్ చేస్తే బీజీఐ ఎర్రర్, గ్రాఫిక్స్ నాట్ ఇనిషియలైజ్డ్. పక్క సిస్టమ్ వాడిది ఆడుతోంది నాది ఆడట్లేదు, గంటసేపు బుర్ర గోక్కున్నా. సంగతేంటంటే సీలో స్లాష్ టీ అంటే ట్యాబ్, స్లాష్ బీ అంటే బ్యాక్‌స్పేస్, నేను రాసింది పాత్ కాదు, ట్యాబూ బ్యాక్‌స్పేసూ కలిసిన ఏదో గందరగోళం. రెండేసి స్లాష్‌లు పెడితే సరి. పక్కోడు పెద్దక్షరాల్లో కొట్టాడు, పెద్ద టీకి, పెద్ద బీకి అలాంటి అర్థమేమీ లేదు గనక వాడిది తప్పయినా నడిచిపోయింది, అదీ అదృష్టమంటే.

స్క్రీన్ నల్లగా మారాక మాత్రం మజానే వేరు. 640 బై 480, పదహారు రంగులు, అంతే, కానీ లైన్ అంటే లైను, సర్కిల్ అంటే సర్కిలు, ఇంకేం అడగదు. అందరూ ఇల్లూ కారూ గీస్తుంటే నేను ముగ్గు పెట్టా. చుక్కలు చతురస్రంగా పెట్టేసి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు కాగితం మీద చూపిస్తే మా అమ్మ నవ్వి, ఇది ఎదురు చుక్కరా, నువ్వు చెప్పే ముగ్గుకి సందు చుక్క కావాలి, పదిహేను నుంచి ఎనిమిది దాకా అంది. అంటే మధ్య వరుసలో 15, పైకీ కిందకీ ఒక్కోటి తగ్గుతూ 8 వరకు, మొత్తం 15 వరుసలు, 169 చుక్కలు. లూప్ వేరియబుల్‌ని మైనస్ ఏడు నుంచి ఏడు దాకా తిప్పి, పదిహేనులోంచి దాని విలువ గుర్తు లేకుండా తీసేస్తే ఆ వరుసలో ఎన్ని చుక్కలో వచ్చేస్తుంది, చుక్కకీ చుక్కకీ 30 పిక్సెల్స్, వరుసకీ వరుసకీ 26, ప్రతి వరుసనీ 320 దగ్గర మధ్యకి తెస్తే సందు దానంతటదే పడుతుంది. నెస్టెడ్ లూపులు నాకు నిజంగా ఎక్కింది ఆ రోజే, సార్ క్లాసులో వేసిన స్టార్ ప్యాటర్న్‌లతో కాదు. ఒక్క పిక్సెలే వెలిగించే పుట్‌పిక్సెల్‌తో పెడితే చుక్క కనపడి చావదు, ఫిల్‌ఎలిప్స్‌తో రెండు పిక్సెల్స్ రేడియస్ ఇచ్చుకోండి. వై కిందకి పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి, మ్యాథ్స్ గ్రాఫ్‌లాగా కాదు.

రంగులు నింపడానికి ఫ్లడ్‌ఫిల్ ఉంది, అది పక్కా మొండిది. గీత తెలుపులో గీసి బోర్డర్ రంగు పసుపని ఇచ్చామంటే గట్టు తెగిన చెరువులా స్క్రీన్ మొత్తం నిండిపోతుంది. గీతల మధ్య ఒక్క పిక్సెల్ ఖాళీ ఉన్నా అంతే సంగతులు.

అసలు గొడవ యానిమేషన్‌తో. ముగ్గు మీద గాలిపటం ఎగరేద్దామని క్లియర్ చెయ్యడం, మళ్ళీ గీయడం, కాస్త డిలే, ఇలా లూప్‌లో పెడితే ట్యూబ్‌లైట్ కొట్టుకున్నట్టు ఒకటే మినుకు. రెండు పేజీలు పెట్టుకుని ఒకదాంట్లో గీస్తూ ఇంకోటి చూపించొచ్చని తెలిసి సంబరపడ్డా, తీరా చూస్తే 640 బై 480లో ఒక్క పేజీయే. ఎందుకంటే ఆ స్క్రీన్‌కి 1,53,600 బైట్లు పడతాయి, వీజీఏ (అప్పటి డిస్‌ప్లే కార్డు) మెమరీ మొత్తం 2,62,144, రెండు పట్టవు. 350 లైన్ల మోడ్‌కి దిగితే రెండు పేజీలొస్తాయి. దిగా. మినుకు పోయింది, కానీ నా ముగ్గు ఎత్తు 364, పైనా కిందా చుక్కలు ఎగిరిపోయాయి, మిగిలింది నిలువునా సాగిపోయింది. విచిత్రమేంటంటే సర్కిల్స్ మాత్రం గుండ్రంగానే ఉన్నాయి, బీజీఐ పిక్సెల్ షేప్ చూసుకుని వాటిని సర్దుతుంది, మన లెక్కల్ని మనమే సర్దుకోవాలి. గెట్‌ఇమేజ్ పుట్‌ఇమేజ్‌తో ఎక్స్‌ఓఆర్ పద్ధతీ, అంటే అదే బొమ్మని రెండోసారి పెడితే చెరిగిపోయే పద్ధతీ చూశా, ముగ్గు గీత మీదకి రాగానే గాలిపటం రంగు మారిపోతోంది.

ఇప్పుడు మా వాడి దగ్గరికొస్తే, 64 బిట్ విండోస్ మీద పదహారు బిట్ల ప్రోగ్రాములు నడవవు కదా, పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో టర్బో సీ వేశాం. రెండో రోజే ఫోను, "మామయ్యా, సర్కిల్ అన్‌డిఫైన్డ్ సింబల్ అంటోంది, స్పెల్లింగ్ కరెక్టే!" అని. ఆప్షన్స్, లింకర్, లైబ్రరీస్‌లోకెళ్ళి గ్రాఫిక్స్ లైబ్రరీకి టిక్ పెట్టమన్నా, అయిపోయింది. బ్రెసెన్‌హామ్ లైను, మిడ్‌పాయింట్ సర్కిల్, అంటే గీతనీ వృత్తాన్నీ పిక్సెల్ పిక్సెల్‌గా లెక్కగట్టే ల్యాబ్ రికార్డు పనులకి అది చాలు. ఆ అల్గారిదమ్స్‌కి కావలసింది ఒక్క పుట్‌పిక్సెలే.

సొంతంగా ఏదైనా చేసుకోడానికి మాత్రం రేలిబ్ పెట్టించా. రామోన్ శాంటామరియా 2013లో స్టూడెంట్లకి నేర్పడం కోసం మొదలుపెట్టిన లైబ్రరీ, శుద్ధ సీ, విండోస్‌కి ఇన్‌స్టాలర్‌లోనే కంపైలర్ కూడా వస్తుంది. ఇనిట్‌విండో, బిగిన్‌డ్రాయింగ్, ఎండ్‌డ్రాయింగ్, క్లోజ్‌విండో, ఇంచుమించు మన పాత వాసనే. అదే ముగ్గు, అదే లూపు, అరగంటలో దించేశాం, మినుకు లేదు, పేజీల లెక్క దానికదే చూసుకుంటుంది. నేను రెండేళ్ళు పడ్డ బాధ వాడికి లేదని కాస్త కుళ్ళు కూడా వచ్చింది. దానికీ తిక్క ఉందిలెండి, గాలిపటాన్ని రెండు త్రిభుజాలుగా గీస్తే ఒకటే కనిపించింది. కొసల్ని గడియారం ముల్లుకి ఎదురు దిశలో ఇవ్వకపోతే గీయదు, ఎర్రరూ చెప్పదు. విండోస్ డాట్ హెచ్ (విండోస్ సొంత హెడర్ ఫైలు) కలిపితే పేర్లు కొట్టుకుంటాయి, రెండూ ఒకే ఫైల్లో పెట్టకండి.

నాకు పెద్ద లోటు అనిపించింది తెలుగు. సంక్రాంతి శుభాకాంక్షలు అని కింద రాద్దామని తెలుగు ఫాంట్ లోడ్ చేసి కోడ్‌పాయింట్లు (అక్షరాల యూనికోడ్ నంబర్లు) కూడా ఇచ్చాం, అక్షరాలొచ్చాయి గానీ క కింద ర వత్తు పడలేదు, పొల్లు వేరు, ర వేరు, గుణింతాలు ఎటుపోయాయో తెలీదు. రేలిబ్ అక్షరాల్ని వరసగా పేర్చుకుంటూ పోతుంది తప్ప కలపదు, ఆ పని అక్షరాల్ని కలిపి రూపం కట్టే హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ చెయ్యాలి, దాన్ని అతికించడం మొదటి నెల కుర్రాడి వల్ల అయ్యేది కాదు. అందుకే ఆ ఒక్క ముక్క వరకు వేరే చోట టైప్ చేసి, పీఎన్‌జీగా సేవ్ చేసి, బొమ్మలాగా లోడ్ చేసి ముగ్గు కింద అంటించాం.