గీథోర్న్ వెళ్తే పడవతో ఆగకండి, సైకిల్ తీయండి

నెదర్లాండ్స్‌లో ఉండే మనవాళ్లకి గీథోర్న్ అంటే పడవ షికారు, నాలుగు ఫోటోలు, అంతే. దాని చుట్టూ ఉన్న వేర్‌రిబ్బెన్-వీడెన్ నేషనల్ పార్కు సంగతి ఎవరూ ఎత్తరు. నా రివ్యూ ఆ పార్కులో సైకిళ్ల కోసం పెట్టిన నంబర్ల బోర్డుల గురించి.

దారులు కలిసే చోటల్లా ఒక నంబరు ఉంటుంది. వెళ్లాల్సిన నంబర్లు వరసగా చీటీ మీద రాసి హ్యాండిల్‌కి అంటించుకుంటే చాలు. తెల్ల బోర్డు మీద ఆకుపచ్చ అంకె, బాణం గుర్తు చూసుకుంటూ పోవడమే. ఫోన్ జేబులోంచి తీయక్కర్లేదు. బెల్జియంలోని లింబర్గ్‌లో 1990లలో ఒక గని ఇంజనీరుకి వచ్చిన ఆలోచనట ఇది. ఒకటే లోటు: బాణం బోర్డు మీద ఊరి పేరుండదు, ఎంత దూరమో ఉండదు. పిల్లలు "ఇంకెంత దూరం?" అంటే చెప్పడానికేం లేదు.

సైకిల్ దగ్గర్లోని స్టేన్‌వేక్ ఊళ్లో అద్దెకి తీసుకున్నాం. వెనక్కి తొక్కితే బ్రేక్ పడే రకం. మనం ఎక్కే ముందు పెడల్‌ని కాలితో వెనక్కి తిప్పి సరిచేసుకుంటాం కదా, ఇందులో అది కుదరదు, చక్రం బిగుసుకుపోతుంది. సీటు కూడా డచ్చివాళ్ల ఎత్తుకి ఉంది. అడిగితే దించి ఇచ్చారు.

గీథోర్న్ పాత ఊళ్లో జనం మధ్య తొక్కడం దండగ, దిగి నడవండి. అసలు అందం ఊరు దాటాకే. చుట్టూ ఉన్న ఈ నీళ్లన్నీ మనుషులు తవ్విన గుంటల్లోవే. పొయ్యిలోకి పనికొచ్చే పీట్ మట్టిని వందల ఏళ్లు తవ్వి, మధ్యలో వదిలిన సన్నటి గట్ల మీద ఆరబెట్టేవారు. 1776, 1825 వరదల్లో ఆ గట్లు చాలావరకు కొట్టుకుపోయి పెద్ద చెరువులు మిగిలాయి. బ్యూలాకె అని ఒక ఊరికి ఊరే మునిగింది. అక్కడి చెరువుకి ఇప్పుడు ఆ పేరే.

నాది కొల్లేరు పక్కన కైకలూరు, అందుకని కిక్కిస చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడా దారికి రెండు పక్కలా తలకంటే ఎత్తున అలాంటి గడ్డే. చలికాలంలో కోసి ఇళ్ల కప్పులకి వాడతారు. కోత ఆపేసిన చోట చిత్తడి అడవి లేస్తుంది. 2002లో నీటికుక్కల్ని తెచ్చి వదిలారు, మాకైతే ఒక్కటీ కనపడలేదు.

జోనెన్ దగ్గర సైకిళ్లతో సహా చిన్న పంటు ఎక్కి కాలువ దాటాలి. పిల్లలకి అన్నిటికంటే అదే నచ్చింది. తర్వాత బ్లోక్‌జేల్. ఒకప్పుడు సముద్రపు రేవు. 1942లో ఎదురుగా ఉన్న సముద్రాన్ని ఎండగట్టి పొలాలు చేసేశారు. రేవు, పాత ఇళ్లు అలాగే ఉన్నాయి, సముద్రమే లేదు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. గాలి ఎక్కువగా నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి స్టేన్‌వేక్ నుంచి ముందు గీథోర్న్ వైపు వెళ్లి, కాలెన్‌బర్గ్ ఊరి మీదుగా తిరిగి రండి, అలసిపోయిన వేళకి గాలే తోస్తుంది. పంటు సీజన్‌లోనే నడుస్తుంది, చూసుకుని బయల్దేరండి. పులిహోర డబ్బా మాత్రం తప్పనిసరి.