మారతహళ్లి వైపు 'బ్లూచిప్ స్వింగ్' క్లాసులకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ ఆ 'బ్లూచిప్ స్వింగ్' (పెద్ద కంపెనీల షేర్లు కొని కొద్ది రోజుల్లో అమ్మేయడం) క్లాసుల ఫార్వర్డే తిరుగుతోంది. అందుకే రాస్తున్నాను. "పెద్ద కంపెనీ షేర్లే, భయం లేదు, పది రోజుల్లో 5 శాతం" అని చెప్పే ఆదివారం క్లాసుకు, మూడు నెలల టిప్స్‌కు కలిపి 18 వేలు కట్టాను. అది పోగా షేర్లో ఇంకో 41 వేలు పోయాయి.

క్లాసు చెప్పినాయన మంచి మాటకారి. ప్రొజెక్టర్ మీద ఒక చార్ట్ వేశాడు. గీత నంది హిల్స్ ఘాట్ రోడ్డులా పైపైకి పోతోంది. అందరం ఫోన్లు తీసి ఫొటోలు కొట్టుకున్నాం. డబ్బు పోయాక ఆ ఫొటో పెద్దది చేసి చూశాను. పక్కన అంకెలు 1,480 దగ్గర మొదలై 1,512 దగ్గర ఆగిపోయాయి. కొండ మొత్తం కలిపి రెండు శాతం! అదే షేరు ఏడాది చార్ట్ తెరిస్తే ధర దిగుతూనే ఉంది, ఈ కొండ మధ్యలో ఒక చిన్న బుడిపె. ఆ పని ముందే చేయాల్సింది, చేయలేదు. తప్పు నాదీ ఉంది.

ధర 20 రోజుల సగటు దాటితే కొనెయ్యమన్నది ఆయన సూత్రం. సగటంటే అయిపోయిన ధరల లెక్కేగా, రేపు రాబోయే కంపెనీ లాభనష్టాల ఫలితాల సంగతి దానికేం తెలుసు? సరిగ్గా ఫలితాల రోజే ఉదయం 1,505కి కొనమని టెలిగ్రామ్‌లో మెసేజ్ వచ్చింది, స్టాప్‌లాస్ (ధర అంతకు పడితే అమ్మేసి నష్టం ఆపుకోవాల్సిన చోటు) 1,485. 470 షేర్లు కొన్నాను, అదీ ఎంటీఎఫ్‌లో, అంటే బ్రోకర్ దగ్గర అప్పు మీద. సాయంత్రం ఫలితాలొచ్చాయి. మర్నాడు 9:15కి ధర 1,425 దగ్గర తెరుచుకుంది. 1,485 అన్న ధర ఆ రోజు స్క్రీన్ మీద కనపడనే లేదు. 1,418కి అమ్ముకుని బయటపడ్డాను. పెద్ద కంపెనీ అయితే ఏంటి, 2024 జనవరి 17న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు షేరే ఫలితాల మర్నాడు 8 శాతానికి పైగా పడింది.

గ్రూపులోకి వెళ్లి చూస్తే నిన్నటి మెసేజ్ చివర "ఫలితాల ముందే బయటికి వచ్చేయండి" అని కొత్తగా ఒక లైను చేరింది! టైమ్ పక్కన చిన్న అక్షరాల్లో 'ఎడిటెడ్'. అడిగితే నన్ను గ్రూపులోంచి తీసేశారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే జీఎస్టీ కట్టేశాం, కుదరదన్నారు.

తర్వాత తెలిసిన సంగతి ఇంకోటి. క్లాసులో వాళ్ల లింకు ద్వారానే డీమ్యాట్ ఖాతా తెరిపించారు కదా, నేను కొన్నా అమ్మినా బ్రోకరేజీలో వాళ్లకు వాటా ఉందట. నాకు లాభమొస్తే ఎంత, నష్టమొస్తే ఎంత!

డబ్బు తీసుకుని షేర్ల సలహాలిచ్చే రీసెర్చ్ ఎనలిస్టుకు సెబీ (షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ఐఎన్‌హెచ్ అని మొదలవుతుంది, సెబీ సైట్‌లో వెతికితే పేరుతో సహా కనిపిస్తుంది. ఇంత లాభం గ్యారంటీ అనే హక్కు రిజిస్టరైన వాళ్లకు కూడా లేదు. వీళ్ల పాంప్లెట్ కింద 'రిజిస్టర్డ్' అని గొప్పగా వేసుకున్న నంబరు వెతికితే అది జీఎస్టీ నంబరు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, చూడాలి.

వచ్చే ఆదివారం కొత్త బ్యాచ్ అట, "12 సీట్లే ఉన్నాయి" అని మా రూమ్మేట్‌కి మెసేజ్ వచ్చింది. మా బ్యాచ్‌కీ 12 సీట్లే అన్నారు. హాల్లో కుర్చీలు చాలక వెనక నిలబడ్డవాళ్లే అంతకు రెట్టింపు ఉన్నారు.