కలకత్తాలో లేడీ ఎజ్రా జాడలు: ఎక్కడ దిగాలి, ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

కాళీఘాట్, దక్షిణేశ్వర్, విక్టోరియా మెమోరియల్ అయ్యాక కలకత్తాలో ఇంకో రోజు మిగిలితే, మనవాళ్ళు సాధారణంగా షాపింగ్‌లో పడతారు. ఆ రోజుని, ఒకప్పుడు ఇక్కడి యూదు సమాజానికి అండగా నిలిచిన రేచెల్ ఎజ్రా (లేడీ ఎజ్రా) అనే ఆవిడ కోసం ఖర్చు పెట్టమని నా సలహా. దొరికేది తక్కువే, ముందే చెబుతున్నాను. కానీ ఆ వెతుకులాటలో ఊరి నడిబొడ్డు అంతా కాలినడకన చూసినట్టవుతుంది.

ఆవిడ 1877లో బొంబాయిలో ససూన్లనే యూదు వ్యాపారుల ఇంట్లో పుట్టింది. తల్లి ఫ్లోరా ససూన్ సామాన్యురాలు కాదు. భర్త పోయాక డేవిడ్ ససూన్ కంపెనీ బొంబాయి వ్యవహారాలను తనే నడిపింది, హీబ్రూ శాస్త్రగ్రంథాల మీద పండితులతో సమానంగా మాట్లాడేది. అలాంటి తల్లి కూతురు 1912లో కలకత్తా డేవిడ్ ఎజ్రాను పెళ్ళాడి ఈ ఊరికి వచ్చింది. మరుసటి ఏడాదే యూదు మహిళా సంఘం పెట్టింది. బాగ్దాద్, అలెప్పోల నుంచి వచ్చి స్థిరపడ్డ ఇక్కడి యూదులంటే అందరూ కోటీశ్వరులే అనుకుంటాం. నిజానికి వాళ్ళలో సమాజం దానధర్మాల మీదే బతికిన కుటుంబాలు చాలా ఉన్నాయి. సంఘం వాళ్ళ కోసమే. 1927లో భర్తకు సర్ బిరుదు రావడంతో ఆవిడ లేడీ ఎజ్రా అయింది.

బస విషయానికొస్తే నేనూ మా అక్కా మ్యూజియం పక్కనున్న సడర్ స్ట్రీట్‌లో దిగాం. ఇందుకు కారణం ఉంది. ఎజ్రా దంపతుల ఇల్లు ఆ పక్క వీధిలోనే, 3 కిడ్ స్ట్రీట్‌లో ఉండేది. సడర్ స్ట్రీట్‌లో గదులు చవక, న్యూ మార్కెట్ నడిచిపోయేంత దగ్గర. కానీ గదులు ఇరుకు, రాత్రి రెండింటి దాకా వీధిలో గోల. మాకు దొరికిన గదిలో ఏసీ కంటే దాని చప్పుడే ఎక్కువ. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇంకాస్త డబ్బు పెట్టుకుని పార్క్ స్ట్రీట్ లోపలి వీధుల్లో దిగడం మేలు. హౌరా స్టేషన్ దగ్గర లాడ్జీలు మాత్రం వద్దు. రైలు దిగి పడుకోవడానికి పనికొస్తాయేమో గానీ, ఊరు చూడటానికి కాదు.

కిడ్ స్ట్రీట్‌కి ఇప్పుడు డాక్టర్ మహమ్మద్ ఇషాక్ రోడ్ అని పేరు. ఒకప్పుడు ఇక్కడి ఎజ్రాల తోటలో పక్షులు, జంతువులతో సొంత జూ ఉండేదంటే నమ్మడం కష్టం. చివరి నుంచి చివరికి రెండుసార్లు నడిచాం. ఆవిడ పేరున్న పలక ఒక్కటీ మా కంటపడలేదు. “ఇందుకా నన్ను పొద్దున్నే లేపావు?” అంది అక్క. చూడాల్సిన స్థలంగా దీనికి నేను సున్నా మార్కులు వేస్తాను. అయినా ఇక్కడ కాసేపు నిలబడి తీరాలంటాను, ఎందుకంటే ఆవిడ యుద్ధకాలపు పనికి కేంద్రం ఆ ఇల్లే.

రెండో ప్రపంచయుద్ధంలో కలకత్తా అంతా మిత్రసైన్యాల మయం. అందులో బ్రిటిష్, అమెరికన్ యూదు సైనికులు కూడా ఉన్నారు. పండగ పూట ఇంటిభోజనం కోసం మొహం వాచిన కుర్రాళ్ళు. ఐరోపాలో హిట్లర్ బారి నుంచి తప్పించుకొచ్చిన కుటుంబాలు ఇంకోపక్క. ఈ రెండు రకాల వాళ్ళకీ ఎజ్రాలు ఇంటి తలుపులు తెరిచారు. అప్పటికి ఆవిడకు అరవై దాటాయి. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకోవడంతో అక్కడి బాగ్దాదీ యూదులు కూడా ఇక్కడికే వచ్చిపడ్డారు. ఉత్తరాంధ్ర వాళ్ళకి ఈ కథ కొత్త కాదు. రంగం వెళ్ళిన మన శ్రీకాకుళం, విశాఖ జనం కూడా అదే ఏడు, ఆ బర్మా నుంచే, అడవులూ కొండలూ పడి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళకు లెక్కేలేదు. యుద్ధం నాటికి కలకత్తా యూదులు దాదాపు 5,000 మంది అంటారు. ఇప్పుడు పదుల్లోనే ఉన్నారు.

ఇక చూసి తీరాల్సింది బ్రాబోర్న్ రోడ్‌లోని మాగెన్ డేవిడ్ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. హుగ్లీ కింద నుంచి వెళ్ళే మెట్రోలో మహాకరణ్ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. మా యాప్ క్యాబ్ డ్రైవర్ కానింగ్ స్ట్రీట్ రద్దీ చూసి సగంలోనే దింపేశాడు, మెట్రోయే నయం. ఎర్రరంగు భవనం, దాదాపు 140 అడుగుల గోపురం. అంత పెద్ద కట్టడమైనా ద్వారం మాత్రం కనిపించదు. ముందంతా బ్యాగులు, బొమ్మలు, ప్లాస్టిక్ సామాను అమ్మే బడ్డీలే. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, మగవాళ్ళు తల మీద వేసుకోవడానికి చేతిరుమాలు ఉంచుకోండి. శనివారం వాళ్ళ విశ్రాంతి దినం, ఆ రోజు పెట్టుకోవద్దు.

లోపల అడుగుపెడితే బయటి గోల ఠక్కున ఆగిపోతుంది. నలుపూ తెలుపూ గళ్ళ పాలరాతి నేల, రంగుటద్దాలు, షాండ్లియర్లు. 1884లో ఎలియాస్ డేవిడ్ ఎజ్రా తన తండ్రి పేర కట్టించాడు. పైన చుట్టూ ఆడవాళ్ళు కూర్చునే గ్యాలరీ. పది మంది మగవాళ్ళు చేరితే గానీ సామూహిక ప్రార్థన జరగదు, ఇప్పుడు ఆ పది మందే దొరకడం లేదు. తరాలుగా ఈ సినగాగ్‌లను చూసుకుంటున్నది ఒడిశా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు. మాకు చూపించిన పెద్దాయన ఒడియాలో మాట్లాడేసరికి, ఇచ్ఛాపురంలో పెరిగిన మా అక్క మొహం విప్పారింది. గంటసేపు మేం కదల్లేదు. పక్కనే ఉన్న నెవె షలోమ్ సినగాగ్ చిన్నది, పది నిమిషాలు చాలు. పొలాక్ స్ట్రీట్‌లో 1856 నాటి బెత్ ఎల్ ఉంది. బాగుంటుంది, కానీ టైం లేకపోతే వదిలేయొచ్చు.

ఎజ్రా స్ట్రీట్ గురించి ఒక మాట. ఆ పేరు చూసి పరిగెత్తకండి, అది ఎలక్ట్రికల్ సామాను, దీపాల హోల్‌సేల్ బజారు. రాజ్ భవన్ (ఇప్పుడు లోక్ భవన్) ఎదురుగా ఉన్న ఎస్‌ప్లనేడ్ మాన్షన్స్ కూడా ఎజ్రాలు కట్టించిందే, బయటి నుంచి చూస్తే సరిపోతుంది. కలకత్తా మెడికల్ కాలేజీలో ఎజ్రా హాస్పిటల్ అని ఒక భవనమూ ఉంది, అది ఇంకో తరం ఎజ్రా ఇంటి ఇల్లాలు మోజెల్ తన భర్త జ్ఞాపకార్థం కట్టించింది. వీధులూ మేడలూ గోపురాలూ అన్నిటి మీదా ఇంటిపేరు ఉంది. లేడీ ఎజ్రా చేసింది అన్నం పెట్టడం, గదులు వెతకడం, సంఘం నడపడం. అలాంటి పనికి శంకుస్థాపన ఉండదు, అందుకే ఆవిడ దొరకదని నాకనిపించింది.

పార్క్ స్ట్రీట్‌లోని జ్యూయిష్ గర్ల్స్ స్కూల్‌లో సందర్శకులకు ప్రవేశం ఉండదు, గేటు బయటి నుంచే చూశాం. చదివే పిల్లల్లో ఎక్కువమంది ముస్లిం అమ్మాయిలే. బడి వదిలే వేళకి వెళితే వీధంతా వాళ్ళే. నాకైతే కిడ్ స్ట్రీట్ కంటే ఇక్కడే ఎక్కువ తృప్తి కలిగింది. నార్కెల్‌డాంగాలోని యూదుల శ్మశానవాటిక చూడాలంటే ఫూల్‌బాగాన్ మెట్రోలో దిగి ఆటో ఎక్కాలి. గేటు మూసే ఉంటుంది, కాపలాదారుని పిలవాలి. పొద్దున్నే వెళ్ళండి, లేదంటే దోమలు తినేస్తాయి.

తిండికి న్యూ మార్కెట్‌లో 1902 నాటి నహూమ్స్ ఉంది. కూర్చునే చోటు లేదు, కొనుక్కుని బయటికి రావాలి. ప్లమ్ కేక్‌కి పేరు గానీ నా ఓటు చీజ్ కూరిన కజ్జికాయ లాంటి సంబూసక్‌కే. ఇడ్లీ దోసెల మీద మనసు పోతే లేక్ మార్కెట్ దాకా వెళ్ళాలి, కాళీఘాట్ మెట్రోకి దగ్గరే. సాంబారులో కాస్త తీపి తగులుతుంది, సర్దుకోవాలి. ఇదంతా ఒకే రోజులో చూడాలంటే ఆదివారం పెట్టుకోండి, బడి పిల్లలు మాత్రం ఆ రోజు కనిపించరు. బజార్లు చాలావరకు మూసి ఉంటాయి, బ్రాబోర్న్ రోడ్‌లో కాలు పెట్టే సందు దొరుకుతుంది. నహూమ్స్‌లో మాత్రం ఏం కొన్నా పొద్దున్నే కొనేయండి, మధ్యాహ్నానికి సంబూసక్ ట్రే ఖాళీ.